దక్షిణం వాకిలి ఇల్లు

ఆ చలికాలం మా ఊళ్లో చర్చి హాల్లో తలదాచుకున్నవాళ్లు పట్టుమని పదిహేను మంది. మొదటి రోజు మేం వండింది అరవై మందికి. తగ్గించి వండడం మా వంశంలో లేదు.

ఊరంటే నార్త్ కరొలైనాలో మోరిస్‌విల్‌కి ఇరవై నిమిషాల దూరం. పేరుకి సిటీయే గానీ, సిటీ హాలు మా ఇండియన్ గ్రోసరీ అంత కూడా ఉండదు. ఇల్లు లేనివాళ్లకి షెల్టర్ కట్టే స్తోమత ఆ సిటీకి లేదు. అందుకని సిటీ, మన జిల్లా లాంటి కౌంటీ, చర్చిలు కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాయి. చలికాలమంతా వారానికొక చర్చి తన హాల్లో మంచాలు వేసి, సాయంత్రం భోజనం పెట్టి, పొద్దున కాఫీ ఇచ్చి పంపాలి. కాగితాల పని కౌంటీది. వీళ్లందరినీ ఒక తాటి మీదికి తెచ్చే పని సిటీలో హౌసింగ్ చూసే ఆఫీసరమ్మది. ఆవిడ చేతిలో ఎప్పుడూ ఓ పెద్ద కాఫీ మగ్గు, మొహంలో ఎప్పుడూ నిద్రలేమి.

రెండువేల పదకొండులో ఒక చర్చి పైకప్పు కారి, ఒక వారం ఖాళీ పడింది. ఆఫీసరమ్మ మా తెలుగు అసోసియేషన్‌కి ఫోన్ చేసింది. హాలు ఇంకో చర్చి ఇస్తుంది, పనిచేసే మనుషులూ భోజనమూ మీరు చూసుకుంటారా అని. మా ప్రెసిడెంట్ గారు, "ఫుడ్ మ్యాటర్ మాకు లీవ్ చేసేయండి మేడమ్" అని ఛాతీ విరిచి, ఆ ఫుడ్ మ్యాటర్‌ని తెచ్చి నా నెత్తిన పెట్టారు. నేను ఏళ్ల తరబడి పని చేయనివ్వని హెచ్‌-ఫోర్ వీసా మీద ఇంట్లో కూర్చుని, గ్రీన్ కార్డు వచ్చేసరికి ఉద్యోగం ఎలా చేస్తారో మర్చిపోయినదాన్ని. ఉగాది వంటల కమిటీకి మాత్రం తిరుగులేని నాయకురాలిని.

పులిహోర, పప్పు, గుత్తివంకాయ, పెరుగన్నం, గులాబ్ జామూన్. కారం తగ్గించమని నేనే చెప్పాను. తగ్గించామనే అన్నారు. ఒక పెద్దాయన గుత్తివంకాయ ఒక్క ముద్ద తిని, కళ్లు మూసుకుని గోడకి ఆనుకున్నాడు. ఎంత తృప్తిగా తింటున్నాడో చూడండని మా ఆడవాళ్లు మురిసిపోయారు. పాపం, ఆయనకి మంచినీళ్లు కావాలి.

వద్దన్నవాళ్ల పళ్లెంలో ఇంకో గరిటె వేయడమే మర్యాదని మనకి చిన్నప్పటి నుంచీ నూరిపోశారు కదా. బల్ల చివర కూర్చున్న ఒకావిడ పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టింది. నేను ఆ వేళ్ల సందులోంచే పులిహోర వడ్డించేశాను. ఆవిడ తలెత్తి నా మొహంలోకి చూసింది.

"హనీ, నేను నో అన్నానంటే నో అనే" అంది.

ఆ ఊళ్లో అందరికీ అందరూ హనీలే, అది ముద్దు కాదు. నాకు తల కొట్టేసినట్టయింది. కోపం కూడా వచ్చింది. ఎంత కష్టపడి తిరగమోత పెట్టాను!

అరవైకి దగ్గర పడుతున్న మనిషి. ఇరవై ఏళ్లకి పైగా స్కూల్ బస్సు నడిపింది. మోకాలు దెబ్బతిని ఉద్యోగం పోయింది, ఆ వెనకే ఇల్లు పోయింది. ఇప్పుడు సామానంతా కారు డిక్కీలో, తను చలికాలం రాత్రుళ్లు చర్చి హాల్లో. రెండేళ్లు క్యూలో నిలబడితే ఈమధ్యే గవర్నమెంటు హౌసింగ్ వౌచర్ వచ్చింది. అద్దెలో ఎక్కువ భాగం గవర్నమెంటే కడుతుంది. కానీ అరవై రోజుల్లో ఇల్లు వెతుక్కోవాలి, లేకపోతే వౌచర్ వెనక్కి పోతుంది, మళ్లీ క్యూ మొదటికే. అపార్ట్‌మెంట్ల వాళ్లు వౌచర్ అన్న మాట వినగానే ఖాళీలు లేవంటున్నారు.

రోజూ పళ్లెం అందుకుంటూ ఆవిడ థాంక్యూ బదులు ఒక అంకె చెప్పేది. మొదటి రోజు "పదహారు" అంది. రెండో రోజు "పదిహేను." మిగిలిన రోజులు. ఆ అంకె వినగానే నేను ఒక గరిటె ఎక్కువ వేసేదాన్ని. నాకు చేతనైన సాయం అదొక్కటే అనుకున్నాను మరి.

గురువారం సిటీ హాల్లో నెలవారీ మీటింగ్. చర్చిల వాళ్లు, కౌంటీ వాళ్లు, మేము. వెనక వరసలో బస్సు ఆవిడ కూడా ఉంది, తన గోడు చెప్పడానికి ఆఫీసరమ్మ పిలిచిందట. ముందు మా భోజనాల గురించి పొగడ్తలు. ప్రెసిడెంట్ గారు లేచి దండం పెట్టారు. తర్వాత ఆఫీసరమ్మ కాఫీ మగ్గు పక్కన పెట్టింది.

"మంచాలున్నాయి. భోజనం అవసరానికి మించి ఉంది" అని నా వైపు చూసి నవ్వింది. "చేతిలో వౌచర్ ఉన్నవాళ్లు నలుగురున్నారు. ఇల్లు ఇచ్చేవాళ్లే ఒక్కరూ లేరు. ఈ గదిలో ఎవరికైనా అద్దెకిచ్చే ఇల్లుందా?"

మా వాళ్లు తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్‌లకి ఎప్పుడైనా వచ్చారా? బిర్యానీ ప్లేటు చేతిలో పట్టుకుని మగాళ్లు మాట్లాడేది రెండే విషయాలు, గ్రీన్ కార్డు, రెంటల్ ప్రాపర్టీ. ఇళ్ల ధరలు కుప్పకూలిన రోజులు, తలా ఒకటి కొని పెట్టుకున్నారు. అలాంటి మహానుభావులందరూ ఆ గదిలో ఒక్కసారిగా తమ బూట్ల వైపు చూసుకోసాగారు. ప్రెసిడెంట్ గారు మాత్రం చూసుకోలేదు.

"అమ్మా, మీ టౌన్‌హౌస్ వేకెంట్‌గానే ఉంది కదా?" అన్నారు నాతో, అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో.

"లేదండీ, మొన్ననే రెంట్‌కి ఇచ్చేశాం" అన్నాను.

అంత తడుముకోకుండా అబద్ధం నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు. ఎందుకు చెప్పానో మాత్రం తెలుసు. భయం. కొత్త కార్పెట్, పక్కింటివాళ్లు ఏమంటారో, మా ఆయన ఏమంటారో. నా చేత్తో వడ్డించినన్ని రోజులూ ఆవిడ మా అతిథి. అదే చేత్తో తాళం ఇస్తే ఆవిడ నాకేమవుతుందో తెలియని భయం. అతిథులంటే ప్రాణమిస్తామని గొప్పలు చెప్పుకునే నేను, అతిథి తిరిగి వెళ్లిపోతుందనే ధైర్యంతోనే అలా చెప్పుకునేదాన్నని ఆ రోజు తెలిసింది. మీటింగ్ అయ్యాక గుమ్మం దగ్గర ఆవిడ నన్ను దాటుకుంటూ "పదమూడు" అంది. ఈసారి నా బూట్ల వైపు నేను చూసుకున్నాను.

ఇంతకీ ఆ ఇల్లు ఎందుకు ఖాళీగా ఉందో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి. బ్యాంకు అమ్మకానికి పెట్టిన టౌన్‌హౌస్‌ని చూడటానికి వెళ్లినప్పుడు, మా ఆయన దిక్కు చూడటానికి ఫోన్‌లో కంపాస్ తెరిచి, ఆ ఫోన్‌ని కారు బానెట్ మీద పెట్టారు. పెద్ద సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు. అంత ఇనుము మీద పెడితే కంపాస్ ఏం చూపిస్తుంది? తూర్పు చూపించింది. ఆనందంగా కొనేశాం. గృహప్రవేశానికి వచ్చిన పంతులు గారు జేబులోంచి అసలు కంపాస్ తీసి, గుమ్మంలో నిలబడి, "దక్షిణం కదండీ" అన్నారు. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

అద్దెకి ఇస్తామని తెలుగువాళ్ల ఈమెయిల్ గ్రూపులో తప్ప ఇంకెక్కడా పెట్టలేదు. ఎవరు ఫోన్ చేసినా ముందు ప్రశ్న, "ఏ ఫేసింగ్ అండీ?" ఒక్క గదిలో నలుగురు పడుకునే ఎమ్మెస్ స్టూడెంట్లు కూడా వచ్చి చూసి, "సౌత్ అంటే మా మమ్మీ వద్దంటది ఆంటీ" అని వెళ్లిపోయారు. దోషం పోవడానికి మా ఆయన వాకిట్లో బూడిద గుమ్మడికాయ కట్టారు. నెల తర్వాత వెళ్లి చూస్తే కాయ మాయం, మెట్లు అద్దంలా ఉన్నాయి. దోషమంతా అదే లాక్కుపోయిందని మా ఆయన హైదరాబాద్‌లో ఉన్న మా అత్తగారికి ఫోన్ చేసి మరీ చెప్పారు. అయినా ఒక్కడూ దిగలేదు.

శనివారం పొద్దున విపరీతమైన చలి. మా ఆయన ఆఫీసు పని మీద శాంటా క్లారాలో ఉన్నారు. "పైపులు ఫ్రీజ్ అయ్యాయేమో, ఒకసారి వెళ్లి చెక్ చేయి" అని ఫోన్ చేశారు. ఆ ఇల్లు సందు చివర. వెళ్లేసరికి దాని ముందు పాత బూడిదరంగు కారు ఒకటి ఆగి ఉంది. అందులోంచి బస్సు ఆవిడ దిగింది.

"హనీ! ఈ ఇల్లు మీదా?"

తలూపాను.

"అయితే మీరు అద్దెకిచ్చింది ఈ ఇల్లేనన్నమాట. మంచిది. ఖాళీ ఇల్లు పాడైపోతుంది. వాళ్లెప్పుడు దిగుతున్నారు? ముందే చెప్పండి, కారు తీసేస్తాను. కొత్తగా ఇంట్లోకి వచ్చేవాళ్లకి వాకిట్లో నన్ను చూస్తే బాగుండదు."

ఎండాకాలం నుంచీ అక్కడే ఆపుకుంటోందట. చివరి సందు, అడిగేవాళ్లు లేరు. చర్చి హాల్లోంచి పొద్దున్నే పంపించేస్తారు కదా, లైబ్రరీ తెరిచేదాకా కార్లో కూర్చుంటుందట. ఊరికే కూర్చోలేదు కూడా.

"మెట్ల మీద పడే ప్రకటన కాగితాలు ఎప్పటికప్పుడు తీసేస్తున్నాను. పోగుపడితే లోపల ఎవరూ లేరని దొంగలకి తెలిసిపోతుంది. ఎవరో గుమ్మడికాయ ఒకటి వేలాడదీసి మర్చిపోయారు. కుళ్లి, చీమలు పట్టింది. పారేసి మెట్లు కడిగాను, ఏమనుకోకండి."

నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. మా దోషం పోగొట్టిన మనిషి చలికి బుగ్గలు ఎర్రబడి నా ముందు నిలబడి ఉంది. ఇంత సిగ్గు నా జన్మలో పడలేదు.

"ఎవరూ దిగడం లేదండీ. మీటింగ్‌లో నేను అబద్ధం చెప్పాను" అన్నాను.

ఆవిడ ఒకసారి ఇంటి వైపు చూసింది, కారు వైపు చూసింది. తర్వాత నిటారుగా నిలబడి, "నాకు ఇంకా పదకొండు రోజులున్నాయి. ఈ ఇల్లు నాకు అద్దెకి ఇస్తారా?" అని అడిగింది. "నో అంటే నో అనే అనుకుంటాను. మళ్లీ అడగను."

"ఇస్తాను" అన్నాను. మా ఆయన్ని అడగకుండానే అన్నాను.

ఫోన్‌లో ఆయన ఎగిరిపడతారనుకున్నాను. తీరా "పాపం, సౌత్ ఫేసింగ్ అని ఆవిడకి చెప్పావా? తర్వాత మనల్ని బ్లేమ్ చేస్తారు" అన్నారు. చెప్పాను. ఆవిడకి అర్థం కాలేదు. "చలికాలంలో ఎండ వచ్చేది అటునుంచే కదా, హనీ?" అంది. వాస్తు పండితులెవ్వరూ నాతో అనని మాట అది.

కౌంటీ ఇన్స్పెక్టర్ వచ్చి కిటికీ గడియ సరిగ్గా పడటం లేదని, మెట్లకి పట్టుకునే కమ్మీ లేదని రాసుకుపోయాడు. ఆవిడ అంకె ఏడుకి వచ్చింది, ఆరుకి వచ్చింది. చర్చి వాళ్లలో ఒక రిటైరైన వడ్రంగి ఒక్క మధ్యాహ్నంలో రెండు పనులూ చేశాడు. ఆఫీసరమ్మ కౌంటీ ఆఫీసులో కూర్చుని, రెండోసారి తనిఖీ తేదీ చేతికిచ్చేదాకా కదలనంది. అంకె రెండు దగ్గర ఉండగా సంతకాలయ్యాయి. తర్వాతి మీటింగ్‌లో నేను లేచి, పోయిన నెల నేను చెప్పింది అబద్ధమని అందరి ముందూ ఒప్పుకున్నాను. మా వాళ్లలో ఒకాయన గొంతు సవరించుకుని, "యాక్చువల్‌గా మాది కూడా ఒకటి ఖాళీ ఉంది" అన్నాడు. ఆయనకి వీధిపోటు భయం లెండి.

ఆవిడ ఇంట్లో దిగిన రోజు మా అసోసియేషన్ మొత్తం కదిలింది. సోఫా ఒకరు, మంచం ఒకరు, నాలుగు ప్రెషర్ కుక్కర్లు నలుగురు తెచ్చారు. దక్షిణం గుమ్మం తొక్కడం ఇష్టం లేక, సోఫాని ఇల్లంతా చుట్టి పెరటి తలుపులోంచి ఎక్కించారు. "ముందు తలుపు తీసే ఉంది!" అని ఆవిడ ఎండలో నిలబడి అరుస్తూనే ఉంది. నేను ఒక్కదాన్నే అటునుంచి వెళ్లాను. లోపలికి అడుగుపెట్టేటప్పుడు ఒక్క క్షణం కుడికాలు వెతుక్కున్న మాట నిజం.

నెల తర్వాత నన్ను భోజనానికి పిలిచింది. చీజ్ వేసి ఓవెన్‌లో కాల్చిన మాకరోనీ. పైన పెంకు కట్టి, లోపల వెన్నలా ఉంది. ఒక పళ్లెం గుటుక్కున తినేశాను. ఆవిడ గరిటె పట్టుకుని వచ్చి, "ఇంకొంచెం?" అంది. నాకు కావాలి. చాలా కావాలి. అయినా అలవాటు చొప్పున పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టి, "అయ్యో, వద్దండీ" అన్నాను.

"సరే" అని గరిటె వెనక్కి తీసుకెళ్లిపోయింది. ఆవిడ ఇల్లు, ఆవిడ పద్ధతి. నేను ఆ రోజు సగం ఆకలితో ఇంటికొచ్చాను.