వస్తే ఉండనీకే వస్త

మా టైపు మేడమ్ పోయారు. పోయిన సోమవారం పొద్దున ఆబిడ్స్‌లో నా ఆఫీసు తాళం తీస్తుండగా, నాంపల్లిలో ఆమె కిరాయికున్న ఇంటి యజమానురాలు ఫోన్ చేసింది. "తెల్లారంగ పానం పోయిందమ్మా. దవాఖానోళ్లు ఇప్పుడే చెప్పిన్రు" అని ఫోన్ పెట్టేసింది. ముందురోజు సాయంత్రం నేను ఆమె మంచం పక్కన కూర్చుని వచ్చాను. ముక్కు దగ్గరి గొట్టం కొంచెం పక్కకు జరుపుకుని, "ఇగ ఆ ఇన్సూరెన్సోళ్లు మళ్ల మొదటికెల్లి లెక్కవెడ్తరేమో, జర అడుగు పిల్లా" అన్నారు. అడుగుతానన్నాను. ఆమె నాతో అన్న చివరి మాట అదే. దాని వెనక ఎంత ఆశ ఉందో తెలియాలంటే ఆమె గురించి కొంత చెప్పాలి.

ఈ పేజీ చదివేవాళ్లలో ఒకప్పుడు ఆబిడ్స్‌లో టైపు నేర్చుకున్నవాళ్లు ఉంటే, పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, రెండో అంతస్తులో నడిచిన ఆ ఇన్‌స్టిట్యూట్ గుర్తుండే ఉంటుంది. మెట్ల దగ్గరికి రాకముందే మిషన్ల చప్పుడు వినిపించేది. మా నాన్న ఊళ్లో కౌలు సేద్యం వదిలేసి ఉస్మాన్‌గంజ్‌లో హమాలీగా చేరిన కొత్తలో, ఇంటర్ అయిపోయి నేను ఆ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. మేడమ్ సన్నగా, పొడుగ్గా ఉండేవారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం మాకెవరికీ ఉండేది కాదు. తల్లితో కలిసి నాంపల్లిలో రెండు గదుల్లో ఉండేవారు.

మా వేళ్ల మీద తన కర్చీఫు కప్పి టైపు చేయించేవారు. "కండ్లతోటి పనేంది నీకు? ఏళ్లకు తెల్వాలె" అనేవారు. ఎక్కడైనా తప్పు పడితే కాగితం లాగి పారేయనిచ్చేవారు కాదు, పేజీ చివరిదాకా కొట్టాల్సిందే. "ఒక్క అచ్చరం తప్పు వోతే పేజీ ఏం జేసింది పాపం?" అని నవ్వేవారు. సాయంత్రం క్లాసులయ్యాక మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి వెళ్లి పండ్లు కొనేవారు. సీతాఫలం వాసన చూసి తీసుకోవాలి తప్ప వేలితో ఒత్తకూడదని ఆమె పట్టుదల. ఒత్తే మనిషి కనిపిస్తే, తెలియనివాళ్లనైనా సరే, అక్కడే మందలించేవారు. పక్కనున్న నాకు సిగ్గేసేది.

ఆ రోజుల్లోనే థాయిలాండ్ నుంచి పై చదువుకోసం వచ్చిన ఒకామె ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. తన థీసిస్ తనే టైపు చేసుకోవాలని ఆమె కోరిక. కొన్నాళ్లకు మేడమ్ వాళ్ల పక్కగదిలోకే అద్దెకొచ్చారు. మేడమ్ ఆమెను "దోస్తు" అని పిలిచేవారు. దాంతో మాకందరికీ ఆమె దోస్తు ఆంటీ అయిపోయారు. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే అందులో ఇంగ్లీషెంతో, హిందీ ఎంతో, తెలుగెంతో తేల్చడం కష్టం. పచ్చిపులుసు ఎలా చేయాలో మేడమ్ నేర్పితే, అందులో నిమ్మగడ్డి వేసి తాగించేవారట ఆవిడ. చదువు ముగిసి వెళ్లిపోయేరోజు నాంపల్లి స్టేషన్‌లో ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. ఉద్యోగాలూ బాధ్యతలూ తీరిపోయాక ఒక్కచోట బతకాలని.

వయసులో ఉన్నప్పుడు అలాంటి మాటలు అందరూ అనుకుంటారు. వీళ్లు మర్చిపోలేదు, అంతే తేడా.

కంప్యూటర్లు వచ్చాక మిషన్లు పాత ఇనుముకు పోయాయి. ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. తల్లి మంచం పట్టింది, ఆమె బాగోగులు చూడటంలో మేడమ్‌కు ఏళ్లు గడిచిపోయాయి. తల్లి పోయిన తర్వాత మొదటిసారి విమానమెక్కి దోస్తు ఆంటీ దగ్గరికి వెళ్లారు. అక్కడ ఉత్తరాన కొండల మధ్య చియాంగ్ మాయ్ అనే ఊరు ఆవిడది. తిరిగొచ్చాక మేడమ్ నా ఆఫీసుకు వచ్చి చాలాసేపు ఆ ఊరి గురించే చెప్పారు. "పొద్దుగాల మబ్బు సక్కగ ఇంట్లకే వస్తది పిల్లా. తలుపు దియ్యంగనే లోపలికొచ్చి కూసుంటది" అన్నారు. ఆమె అంత వివరంగా ఒక సంతోషాన్ని చెప్పడం నేనెప్పుడూ వినలేదు. ఇక్కడి గదులు ఖాళీ చేసి, సామాను సర్ది, ఏడాదిలోపు వెళ్లిపోతానన్నారు.

ఆ ఏడాదిలోనే గుండెనొప్పి వచ్చింది. స్టెంటు వేశారు.

కోలుకున్నాక మళ్లీ నా దగ్గరికి వచ్చారు. టైపు నాకు ఇన్సూరెన్సు కంపెనీలో ఉద్యోగం ఇప్పించింది. తర్వాత నేనే ఏజెన్సీ పెట్టుకున్నాను. అందుకే వచ్చారు.

"నాకొక ఇన్సూరెన్సు జెయ్యాలె. వీసాకు అడుగుతున్నరు."

"మీకు పాలసీ ఉన్నది గదా మేడమ్?"

"అది గీడనే పనికొస్తదట. గాడ ఏడాది పొంటి ఉండాల్నంటే గాడ పనిజేసేది గావాలెనట."

విషయం నాకు తెలిసిందే. ఉద్యోగ విరమణ చేసినవాళ్లు అక్కడికి వెళ్లి ఏడాదేసి ఉండటానికి ఆ దేశం వేరే వీసా ఇస్తుంది. దానికి అక్కడి ఆస్పత్రి ఖర్చులు భరించగల బీమా చూపించాలి. చుట్టపుచూపుగా వెళ్లొచ్చేవాళ్లకు చేసే ప్రయాణ బీమా ఆ వీసాకు సరిపోదు. బీమాకు బదులు బ్యాంకులో బాగా పెద్ద మొత్తం చూపించే దారి ఒకటి ఉంది గానీ, అది టైపు నేర్పి బతికినవాళ్లు నడిచే దారి కాదు. ఇక డెబ్బై దాటిన మనిషికి, గుండెలో స్టెంటున్న మనిషికి కొత్తగా పాలసీ ఇవ్వమంటే కంపెనీలు ఏమంటాయో ఈ వృత్తిలో ఉన్న నాకు ముందే తెలుసు. అయినా ఆమె ముఖం చూసి, ప్రయత్నిద్దామన్నాను.

ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగా కాదంది. కొందరు వయసు చూసి పక్కన పెట్టేశారు. ఒకరు ఇస్తామన్నారు గానీ గుండెకు సంబంధించిన ఏ ఖర్చూ ఇవ్వబోమన్నారు. "గుండె ఇడిసిపెట్టి మిగిలిందానికి జేస్తరా? మిగిలిందేమున్నది?" అని మేడమ్ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

బషీర్‌బాగ్‌లో వీసా పనులు చేసిపెట్టే ఒకాయన దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్లాం. ఆయన మా మాట అంతా విని, గొంతు తగ్గించి, "అమ్మా, స్టెంటు ముచ్చట మీరే ఎందుకు రాస్తున్నరు? రాయకున్రి. గంత లోపలికి ఎవరు చూస్తరు?" అన్నాడు. మోసం చేద్దామని కాదు, నిజంగానే సాయం చేద్దామని అన్న మాట అది. మేడమ్‌కు కూడా కోపం రాలేదు.

"గాడ నాకేమన్నా అయితే, దాచిపెట్టినవని వాళ్లు పైసలియ్యరు. అప్పుడెవరు గట్టాలె? మా దోస్తు గట్టాలె. ఇల్లమ్మయినా గడ్తది ఆమె, నాకెర్కే. నేను తోడుకు పోతున్న నాయనా, ఆమె నెత్తిమీద కూసునేటందుకు గాదు."

ఆ మనిషి ఫారం పక్కకు జరిపాడు. టీ తెప్పించాడు.

చివరికి ఒక కంపెనీ వాళ్లు కొంచెం తలుపు తెరిచారు. స్టెంటు వేసిన తర్వాత రెండేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా గడిస్తే, మళ్లీ పరీక్షలు చేసి ఆలోచిస్తామన్నారు. ఇస్తామనలేదు, ఆలోచిస్తామన్నారు. ఆ రెండు మాటలకూ మధ్య ఉన్న దూరం గురించి నేను ఆమెకు జాగ్రత్తగా చెప్పాను. "ఔ, తెల్సు" అన్నారు. కానీ ఆ రోజు మెట్లు దిగేటప్పుడు ఆమె నడకే మారిపోయింది.

ఆ తర్వాత ఆమె బతికిన తీరు, పరీక్షకు తయారయ్యే విద్యార్థిని బతుకు. ఉప్పు మానేశారు. ఊరగాయ జాడీలు ఇంటి యజమానురాలికిచ్చేశారు. రోజూ పొద్దున్నే పబ్లిక్ గార్డెన్స్‌లో నడిచేవారు. థాయి అక్షరాలు నేర్చుకోవడానికి ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద చిన్నపిల్లల పలక కొన్నారు. కూరగాయల అతనికి డబ్బులిచ్చి థాయిలో ధన్యవాదాలు చెప్పేవారు. అతను ఏమీ అర్థంకాక "అట్లనే అమ్మా" అనేవాడు. నేను ఎప్పుడు కలిసినా చెయ్యి చాపి, "చూడు, నాడి ఎట్లున్నది?" అని అడిగేవారు. నేనేమైనా డాక్టర్నా! అయినా పట్టుకుని చూసి, బాగుందని చెప్పేదాన్ని.

సాయంత్రం కాగానే ఫోన్‌లో దోస్తు ఆంటీ కనిపించేవారు. మన సాయంత్రానికి అక్కడ చీకటి పడుతుంది. ఆవిడ అన్నం తింటుంటే ఈవిడ చూస్తూ కూర్చునేవారు. మంచం పట్టిన అన్నయ్యను చూసుకోవాలి కాబట్టి ఆవిడ ఇక్కడికి వచ్చి ఉండలేరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆ ప్రస్తావన ఎవరూ తెచ్చేవారు కాదు.

ఆ రెండేళ్లలో ఒకసారి దోస్తు ఆంటీ స్నానాలగదిలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నారు. నేను మేడమ్ ఇంట్లో ఉండగానే ఆ కబురు వచ్చింది. కట్టు కట్టిన చెయ్యి ఫోన్‌లో చూపిస్తూ ఆవిడ, "నువ్వు రా. ఉన్నన్ని రోజులు ఉండు. తర్వాత పో" అన్నారు, తన వచ్చీరాని తెలుగులో. టూరిస్టుగా ఒక నెల వెళ్లి ఉండటానికి అడ్డేమీ లేదు. డాక్టరు కూడా వద్దనలేదు. మేడమ్ లేచి బీరువా తలుపు తెరిచారు. కాసేపు అలాగే నిలబడి, మళ్లీ మూసేశారు.

"గాడ జర దమ్మొచ్చినా, నొప్పొచ్చినా దవాఖానకు పోవాలె. పోతే కాయిదం పుడ్తది, రెండేండ్ల లెక్క మళ్ల మొదటికొస్తది. ఇన్ని దినాలు ఆగింది నీళ్లల్ల గలుస్తది" అని నాతో అన్నారు. ఫోన్ వైపు తిరిగి, "వచ్చుడు, పోవుడు నాకొద్దు దోస్తూ. మొన్న సుట్టం లెక్క వచ్చిన, సామాన్లు సర్దుకున్నప్పుడు ఏడుపొచ్చింది. ఈసారి వస్తే ఉండనీకే వస్త" అన్నారు. అవతల ఆవిడ అన్నం కంచం దగ్గరికి లాక్కున్నారు. తర్వాత ఎడమచేత్తో చెంచా పట్టుకుని తినడం మొదలుపెట్టారు. అలవాటు లేని చేతిలోంచి అన్నం జారిపోతుంటే మేడమ్ ఇక్కడ కూర్చుని, "మెల్లగ, మెల్లగ" అంటూనే ఉన్నారు.

ఇప్పుడు ఆ సాయంత్రమే పదేపదే గుర్తొస్తోంది. ఆ నెల వాళ్లకు దక్కేది. ఆమె వెళ్లి అన్నం కలిపి పెట్టేవారు, జడ వేసేవారు, పొద్దున్నే మబ్బుకు తలుపు తీసేవారు. తిరిగొచ్చేటప్పుడు ఏడ్చేవారు, నిజమే. ఏడ్చినా అది వాళ్ల నెల అయ్యేది. పూర్తిగా దక్కాలని ఆశపడి, కొంచెంగా దక్కేదాన్ని ఆమె వదిలేసుకున్నారు. తప్పని నేననను. కానీ ఆమె పోయిన దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు. బీమా కంపెనీ మీద కూడా కోపం తెచ్చుకోలేకపోతున్నాను. వాళ్ల నిబంధన వాళ్లది, ఆ దేశం నిబంధన ఆ దేశానిది. రోజూ ఆ నిబంధనల మధ్యే కూర్చుని బతికే మనిషిని నేను. ముసలితనంలో ఇద్దరు స్నేహితురాళ్లు ఒక్క ఇంట్లో ఉండాలనుకుంటే దానికి ఇంత ఆరోగ్యంగా ఉండాలని మాత్రం నాకు ఇంతకుముందు తోచలేదు.

గడువు ఇక కొద్ది వారాలే ఉందనగా రెండో నొప్పి వచ్చింది. మిగతాది మొదట్లోనే చెప్పాను.

దోస్తు ఆంటీకి కబురు నేనే చెప్పాను. ఆవిడ ఏడవలేదు, "వస్తున్నాను" అని మాత్రం అన్నారు. అన్నయ్యను పక్కింటివాళ్లకు అప్పగించి, దొరికిన మొదటి విమానం ఎక్కారు. అప్పటికే మేడమ్ చెల్లెలి కొడుకు దహనం చేసేశాడు. ఆవిడ ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా నాంపల్లి వచ్చి, గది మధ్యలో నిలబడి చుట్టూ చూశారు. తర్వాత నాతో, "రోజూ నడిచింది ఎక్కడ?" అన్నారు. పబ్లిక్ గార్డెన్స్‌కు తీసుకెళ్లాను. ఆ దారంతా ఒక చుట్టు నడిచారు. ఆమె ఎక్కడ ఆగేది, ఏ బెంచీ మీద కూర్చునేది అని అడిగారు. నాకు తెలిసింది చెప్పాను.

వెళ్లిపోయేరోజు మేడమ్ చెల్లెలి కొడుకు బీరువా తెరిచి, "ఆంటీ, మీకేం గావాల్నంటే అది తీస్కోన్రి" అన్నాడు. ఆవిడ చీరలన్నీ ఒక్కొక్కటిగా చేత్తో నిమిరి, ఒక నారాయణపేట నూలు చీర తీశారు. బాగా ఉతికి మెత్తబడిన వంకాయరంగు చీర. సంచిలో పెట్టుకుంటారనుకున్నాను. నా చేతికిచ్చి, "కట్టు" అన్నారు.

ఆవిడ మేడమ్ కన్నా చాలా పొట్టి. ఎంత దోపినా చీర ఇంకా మిగిలిపోతూనే ఉంది. కుచ్చిళ్లు పెట్టి, పిన్నులు గుచ్చి, పైట భుజం మీద సర్దాను. ఆటో సందు మొదట్లో ఆగింది. చీర కట్టుకుని నడిచి ఎన్నో ఏళ్లయిందేమో, ఆవిడ కుచ్చిళ్లు రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని, ఒక్కో అడుగూ చూసి వేస్తూ నడిచారు. పైట చెంగు కాస్త పొడుగై వెనక నేలను తాకుతూ వెళ్తోంది. ఎత్తి పట్టుకుందామని వంగబోయి, ఎందుకో ఆగిపోయాను. సందు మలుపు దాకా ఆ వంకాయరంగు చెంగు దుమ్ములో మెల్లగా జరుగుతూ కనిపించింది.