తడి మట్టిలో డ్రిల్లు

ఆ రోజు ఉదయం ఈ అరబ్బు దేశంలో, రుమైథియాలో నేను వంటపని చేసే ఇంటి యజమానురాలు మామా వాళ్ల వంటింట్లో కొత్తిమీర తరుగుతుంటే మా ఆయన సత్తిబాబు ఫోన్ చేశారు. వఫ్రాలో టమాటా తోటలో పని ఆయనది. పని వేళలో ఎప్పుడూ ఫోన్ చెయ్యరు. కత్తి పక్కన పెట్టేశాను.

"ఏం లేదు మంగా, చిన్న షాక్ కొట్టింది. కంగారు పడకు."

మాట ముద్దముద్దగా వస్తోంది. చెయ్యి ఎలా ఉందని గుచ్చి గుచ్చి అడిగాను. "కుడి చెయ్యి బిగుసుకుపోయినట్టుంది. అరచేతిలో తెల్లటి మచ్చ, అంతే," అన్నారు. కాస్త ఆగి, "ఒంటేలు మాత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చింది," అన్నారు.

అసలేం జరిగిందో చెప్పమన్నాను. సంగతేమిటంటే, అప్పుడే నీళ్లు పెట్టిన నేలమీద నిలబడి, గ్రీన్‌హౌస్ ఇనుప చట్రానికి డ్రిల్లుతో బెజ్జాలు వేస్తున్నారట. ఎక్స్‌టెన్షన్ వైరు చిట్లిన చోట టేపు చుట్టి ఉంది. డ్రిల్లుకి ఎర్త్ లేదు. చెయ్యి దానికే అతుక్కుపోయింది. తోటి పనివాడు రఫీక్ ఆయన్ని పట్టుకుని లాగకుండా పరిగెత్తుకెళ్లి మెయిన్ ఆపేశాడు. ఆ తెలివే ఇద్దరినీ బతికించింది.

సూపర్‌వైజరేమో సాయంత్రం కూరగాయల బండిలో ఆసుపత్రికి పంపిస్తానన్నాడట. నేను మామా దగ్గర ఏడ్చేశాను. ఆవిడ ఫోన్ లాక్కుని అతనితో అరబీలో గట్టిగా మాట్లాడింది. నాకు సగమే అర్థమైంది. కానీ కాసేపటికే ఆయన్ని కారెక్కించారు. మామా తన డ్రైవర్‌తో నన్నూ ఆసుపత్రికి పంపింది.

క్యాజువాలిటీలో ఈసీజీ తీశారు. గుండె లయ తప్పుతోందన్నారు. డాక్టరమ్మది విజయవాడ. తెలుగు వినపడగానే ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"మచ్చ చిన్నదేగా డాక్టరమ్మా?"

"బయటికి అంతే కనిపిస్తుందమ్మా. కరెంటు లోపల కండని కాల్చేసింది. ఆ కండ విరిగి రక్తంలో కలుస్తోంది, ఒంటేలుకి ఆ రంగు అందుకే. కండ ఎంత దెబ్బతిందో చెప్పే రక్తపరీక్ష, సీకే, చాలా హైగా ఉంది. కిడ్నీలు దెబ్బతింటే డయాలసిస్ పెట్టాలి. అందుకే సెలైన్ బాగా ఎక్కిస్తున్నాం."

ఈలోగా చెయ్యి వాచి వేళ్లు నల్లబడ్డాయి. వెంటనే ఫేషియాటమీ చెయ్యాలన్నారు. అంటే చర్మాన్ని నిలువునా కోసి లోపలి ఒత్తిడి తగ్గించడం. అప్పటికీ చెయ్యి దక్కుతుందని మాట ఇవ్వలేమన్నారు.

"కుడి చెయ్యి లేకపోతే నేనెందుకు పనికొస్తాను?" అన్నారు ఆయన.

"ముందు మీరుండాలండి. సరే అనండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆపరేషన్ అయ్యాక ఐసీయూలో నా చూపంతా మంచానికి వేలాడే యూరిన్ బ్యాగ్ మీదే. నర్సు వచ్చినప్పుడల్లా రంగు చూసేదాన్ని. డికాషన్ కాస్తా పల్చటి టీ అయింది. తర్వాత పసుపు తిరిగింది. డయాలసిస్ తప్పింది. హమ్మయ్య అనుకునేలోపే జ్వరం. పుండులో ఇన్ఫెక్షన్. మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లి చచ్చిన కండ తీసేశారు. మధ్యాహ్నం వంట ముగించుకుని నేను ఆసుపత్రికి బయల్దేరేదాన్ని. దారిలో ఫోన్ మోగితే ఎత్తడానికే భయం. చివరికి తొడ మీది చర్మం తీసి చేతికి స్కిన్ గ్రాఫ్ట్ చేశారు.

ఫిజియోథెరపీలో మొదటిసారి స్పూన్ పట్టుకున్నప్పుడు అన్నమంతా ఒళ్లో పడింది. తినిపిస్తానంటే వద్దన్నారు. మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చారు. నేను చూడనట్టే ఒళ్లో పడ్డ మెతుకులు ఏరాను.

ఇప్పుడు అబ్బాసియాలో గది తీసుకుని ఉంటున్నాం. ఆయన ఒక కిరాణా కొట్టులో కూర్చుంటారు. చిటికెన వేలు, దాని పక్క వేలు పూర్తిగా ముడవలేరు. ఏసీ చలికి చెయ్యి లాగుతుంది. స్విచ్ వెయ్యబోతూ ఒక్క క్షణం ఆగిపోతారు. నేనూ ఊపిరి బిగబడతాను. ఆ భయం పోతుందో లేదో తెలీదు.

ఆరుబయట పనిచేసే అన్నలకీ తమ్ముళ్లకీ నేను చెప్పేది ఒక్కటే. పనిముట్టు ప్లగ్ పెట్టే చోట ఈఎల్‌సీబీ ఉందో లేదో చూడండి. ఒంట్లోకి కరెంటు పారితే లైను ఠక్కున ఆపేసేది అదే. దాని టెస్ట్ బటన్ రోజూ నొక్కండి. నొక్కగానే కరెంటు పోవాలి. పోకపోతే, ముదీర్, అంటే మేనేజరు, నెత్తిన నిలబడి త్వరగా కానిమ్మని యల్లా యల్లా అంటూ అరుస్తున్నా సరే, ఆ డ్రిల్లు ముట్టుకోకండి.