ఎడమకాలి బూటు

మొన్న పొద్దున ఖుర్సీపార్‌లో మేము ఒకప్పుడున్న వీధిలోంచి వెళ్తుంటే ఎవరింట్లోనో మినపరొట్టె కాలుతున్న వాసన వచ్చింది. అడుగు ముందుకు పడలేదు.

అమ్మ పోయాక ఆ వీధిలో నాన్న, నేను మిగిలాం. స్టీల్ ప్లాంటులో మొదటి షిఫ్టు పడిన వారం నాన్న చీకటితోనే లేచి, మూకుడులో రొట్టె కాల్చి, పళ్లెం మూతపెట్టి వెళ్లిపోయేవాడు. నేను లేచేసరికి దాని పెచ్చు మెత్తబడేది. ఒక్కదాన్నే కూర్చుని తినేదాన్ని.

ఒకరోజు ముందే లేచి, ఆయన ఎడమకాలి బూటు బియ్యం డబ్బా వెనక దాచేశాను. నాన్న ఇల్లంతా వెతికి, నా మొహం చూసి, పీట మీద కూర్చున్నాడు. వేడి రొట్టె తుంచి నా చేతిలో పెట్టాడు. పెచ్చు కరకరలాడింది.

"నానెల్లీదాకా నైట్ షిఫ్టోడు అక్కణ్నించి కదల్లేడు తల్లీ. బూటిచ్చీ" అన్నాడు.

ఆ మనిషెవరో నాకు పట్టలేదు. "నువ్వూ ఓ ముక్క తిన్నాకే" అన్నాను. తిన్నాడు.

తరవాతి నెల నాన్నకి నైట్ షిఫ్టు. రాత్రి తోడు పడుకున్న పక్కింటి దీదీ, పొద్దున్నే మా ఇద్దరికీ బియ్యప్పిండి చీలాలు పోసిచ్చి వెళ్లింది. అవి చల్లారి అట్టల్లా అయ్యాక వచ్చాడు నాన్న.

"ఏటి నాన్నా ఇంతసేపు?"

"నా బదులు రావలసినోడు లేటుగా వచ్చినాడమ్మా."

ఆ మనిషి మీద చాలా ఏళ్లు కోపంగా ఉన్నాను. ఆయన బూటు కూడా ఎవరో దాచి ఉంటారని మొన్ననే తోచింది.