పేజీలో నేను తీసేసిన ముక్క

ఎవరైనా నన్ను పొగిడిన ప్రతిసారీ లోపల ఒకచోట కలుక్కుమంటుంది. ఏళ్లుగా ఆ బరువు మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ముందు నా గొప్ప కాస్త చెప్పుకోనివ్వండి. వెబ్‌సైట్లు కట్టేవాళ్లకు రోజూ పనికొచ్చే కమాండ్లు, కోడ్ ముక్కలు ఒకచోట చేర్చి నేనొక పేజీ పెట్టాను. సర్వర్‌లోకి ఎలా వెళ్లాలి, పోయిన ఫైలును ఎలా వెతకాలి, బటన్‌ను తెర మధ్యకు ఎలా తేవాలి, అన్నీ ఉంటాయి. ఒక్కోటీ నేనే నడిపి చూసి పెట్టినవి. దాని పేరు చెప్పను గానీ, మీరు ఈ పనిలో ఉంటే అది మీ బ్రౌజర్‌లో ఏదో మూల ఉండే ఉంటుంది. యానాం నుంచి పుదుచ్చేరి వచ్చి, తమిళం సరిగ్గా రాక నోరు మూసుకుని కూర్చున్న నాకు ఆఫీసులో పీట వేయించింది ఆ పేజీయే. తలచుకుంటే ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది. పొంగకూడదా?

కానీ పేజీ వచ్చాక నా కుర్చీ దగ్గరకు వచ్చి అడిగేవాళ్లు తగ్గిపోయారు. అది నాకు నచ్చలేదు.

మన కంప్యూటర్‌లోని సైట్‌ను సర్వర్‌కు పంపే కమాండ్ ఒకటుంది. ఇక్కడ లేని ఫైలు అక్కడ కనిపిస్తే అది చెరిపేస్తుంది. సైట్ కట్టించుకున్న దుకాణంవాళ్లు తామే నేరుగా సర్వర్‌లోకి ఎక్కించుకున్న ఫొటోల జోలికి పోవద్దని దానికి విడిగా ఒక ముక్క తగిలించి చెప్పాలి. నేను వాడుకునే కమాండ్‌లో ఆ ముక్క ఉంది. పేజీలో మాత్రం తీసేశాను. మరచిపోయి కాదు. పెద్ద పని దగ్గర అందరూ ఆగి నన్ను పిలవాలి, నేను వెళ్లి ఆ ముక్క తగిలించి రావాలి, అబ్బో అనిపించుకోవాలి. పిలవకపోతే ఏమవుతుందో నాకు తెలియదా? తెలుసు. నన్ను పిలవకుండా ఎవరుంటారులే అనుకున్నాను.

ఆర్. వసంతి పిలవలేదు. ముత్తియాల్‌పేటలో పాత్రల కొట్టు ఉన్న తెలుగువాళ్ల అమ్మాయి, మా ఆఫీసులో కొత్తగా చేరింది. నా పేజీ అంటే ఆమెకు అంత నమ్మకం. ఒక చీరల దుకాణం సైట్ పంపడానికి ఆ కమాండ్‌ను ఉన్నదున్నట్టు అతికించింది. దుకాణంవాళ్లు ఏళ్ల తరబడి ఎక్కించిన ఫొటోలన్నీ పోయాయి. మేము దాచిన కాపీలో కోడ్ ఉంది గానీ ఫొటోలు లేవు.

"నీ పేజీలో ఉండేదే ఏసినానన్నా. ఒక్క అక్షరం గూడా మార్చలా. యాడ తప్పు చేసినానో తెలీలా," అంది.

"గుడ్డిగా అతికించేస్తావా ఏంటమ్మా? అదేం చేస్తుందో చదువుకోవద్దూ?" అన్నాను, అందరికీ వినబడేలా.

ఆమె తెర మీది కమాండ్‌ను మొదటి నుంచి మళ్లీ చదివింది. "అవునన్నా. చదవాల్సింది. నాదే తప్పు."

ఆ వారంలోనే ఆమె ఉద్యోగం పోయింది. అప్పటికే నేను పేజీలో కమాండ్ సరిచేసి, పైన ఎర్రటి పెట్టెలో ఒక హెచ్చరిక పెట్టాను. ఎవరిదో తప్పు చూసి పదిమందిని కాపాడావని మా మేనేజరు భుజం తట్టాడు. ముక్కూమొహం తెలియనివాళ్లు ఇప్పటికీ మెయిల్ రాస్తుంటారు, ఆ ఎర్ర పెట్టె తమ కొలువు నిలబెట్టిందని. నిజమే, దాన్ని బాగా రాశాను. ఆ మాట అనకుండా ఉండలేను.

ఆమె చదవాల్సిందేగా అని ఎన్నోసార్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ లేని ముక్కను ఎవరు చదవగలరు?

వసంతి ఇప్పుడు వాళ్ల నాన్న కొట్లో కూర్చుంటుంది. ఈ పని మళ్లీ పట్టలేదని విన్నాను. ఆ వీధిలో బండి మీద వెళ్లాల్సి వస్తే నేను పక్క సందులోకి తిరుగుతాను.

ఇంకొకటి కూడా చెప్పేయాలి. ఆమె ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవడం రాదు. తమిళం, ఇంగ్లీషే చదువుతారు. నా పేజీ అంతా ఇంగ్లీషులో రాసినవాణ్ని, ఇదీ ఇంగ్లీషులో రాయలేనా? రాయగలను. ఆమె చదవలేదని తెలిసే తెలుగులో రాశాను. నా ధైర్యం ఇంతవరకే వచ్చింది.

క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. ఈ ఒక్క మాట రాయగలిగితే చాలనుకున్నాను. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ ఫొటోలు చెరిపింది వసంతి కాదు. నేను.