మిట్టేమరి ఓళిగల సర్వే

మిట్టేమరిలో రాగి సంగటి తినేవాళ్ళే లేరని హేమావతి లెక్కలతో నిరూపించింది. ఊరంతా కాదులెండి, ఆమె వెళ్ళిన ఇళ్ళలో. బాగేపల్లిలో ఉద్యోగం చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా ఫోన్లో పాఠాలు వింటూ ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్ చదివే హేమావతి, ఒక్క వంకాయ కోసి బుట్టంతటికీ తీర్పు చెప్పే మనిషి. ప్రాజెక్టు కోసం చీటీలు తీసి ఇళ్ళు ఎంచుకుని, ఈపూట ఏం వండారని అడిగింది. వస్తున్నానని ముందే కబురు పంపడంతో అందరూ ఓళిగలే, అంటే బొబ్బట్లే చేశారు. నమ్మని గైడు, సర్వే మళ్ళీ చేస్తేనే డిగ్రీ అన్నాడు. ఈసారి చెప్పకుండా వెళ్తే, ఆమెను చూడగానే మొదటి ఇంటి యశోదమ్మ ఉడుకుతున్న సంగటి దించి పూర్ణానికి శనగబేడలు పొయ్యి మీద పెట్టింది.

"సంగటే వండక్కా, లేకుంటే నా డిగ్రీ పోతాది!" అని హేమావతి బతిమాలింది.

"నీ డిగ్రీ సరేమ్మా, మా మర్యాద పోదా?"

ఇప్పుడు బాగేపల్లిలో ఏ తాతైనా ఈ సర్వే కథ నిజమేనా అని అడిగితే, "అంతా అబద్ధం తాతా. మిట్టేమరి యాడుండాదో కూడా నాకు తెలీదు," అంటుంది హేమావతి, యశోదమ్మ కట్టిచ్చిన ఓళిగల డబ్బాకు మూత పెడుతూ.