ల్యాండ్ బ్రీజ్ ఎటు వీస్తుంది

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. ఫిషింగ్ హార్బర్ పక్కన నలభై ఏళ్లుగా చేపలు ఎండబెడుతున్నాను. చదువు రెండో తరగతితో ఆగింది గానీ, గాలి సంగతి నన్నడగండి.

ఇది నిరుడు ఎండాకాలం మాట. ఎదురు మేడలో లిఖిత అనే పిల్ల ఉంటుంది. గోదావరి వైపు వాళ్లు, తండ్రిది స్టీలు ఫ్యాక్టరీ ఉద్యోగం. పైలట్ లైసెన్సు పరీక్షల్లో మెటియోరాలజీ, అంటే గాలీవానల పాఠం, ఆ పిల్లకి రెండుసార్లు పోయింది. మూడోసారీ పోతే విమానాలు మానేసి బ్యాంకు పరీక్షలు రాసుకోమని తండ్రి తేల్చేశాడు. పరీక్ష ఇంకో వారం ఉంది.

తెల్లవారుతూండగా నేను నెత్తళ్లనే చిన్న చేపలు ఎండకి పరుస్తుంటే, ఆ పిల్ల కొనడానికొచ్చి ఫోన్ చూస్తూ వల్లె వేసుకుంటోంది. ఆ ఫోన్లో ఏఐ అని ఒకటుంది, ఏ పాఠం అడిగినా తెలుగులో విడమరిచి చెబుతుంది.

"ల్యాండ్ బ్రీజ్ అంటే నేల గాలి. సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది."

"ఎవులు సెప్పేరమ్మా ఆ మాట?" అన్నాను.

"ఏఐ చెప్పిందండి మామ్మగారూ. నేల గాలంటే నేల మీదికొచ్చేదే కదండీ?"

"మరి పడమటి గాలి పడమటికెల్తదేటి? ఎటునుంచొస్తే ఆ పేరే పెడతాం. ఈ సేపల వాసన ఇప్పుడెటు పోతంది?"

"సముద్రం మీదికండి."

"మజ్జాన్నం?"

"మా వంటింట్లోకండి. అమ్మ రోజూ తిట్టుకుంటుంది."

"సదువు ఇంటికొత్తంటే కిటికీలు మూసీసుకుంతన్నారు, నానేటి సెయ్యను?"

నవ్వేసి, సంచిలోంచి పుస్తకం తీసింది. నేల గాలి నేల మీంచి సముద్రం మీదికే వీస్తుందని పుస్తకమూ నా మాటే చెప్పింది. ఫోన్‌కి ఆ సంగతి టైపు చేస్తే, పొరపాటైంది, క్షమించమంది.

"తప్పొప్పుకుందా? మా ముసలోడి కన్నా నయమే."

ఆనాటి నుంచి రోజూ పొద్దుటే వచ్చి నా గంప బోర్లించుకుని కూర్చునేది. ఫోన్ ప్రశ్నలు వేసేది, పిల్ల జవాబులు చెప్పేది, ప్రతిదీ పుస్తకంలో సరిచూసుకుని నాకు విప్పి చెప్పేది. నాకు అర్థం కాకపోతే ఫోన్‌ని మళ్లీ అడిగేది. కారుమబ్బులోకి విమానం ఎందుకు పోకూడదో అది చెప్పిన తీరుకి నాకే బోధపడింది. అన్నీ తప్పులు చెప్పేదేం కాదు.

ఫలితాలొచ్చిన రోజు తండ్రే మేడ దిగి వచ్చాడు.

"పాసయ్యిందండి. మిగతా పేపర్లు కూడా రాస్తానంటుంది. ఇంక బ్యాంకు మాట నేనెత్తనండి."

సంతకం పెట్టడమే సరిగా రానిదాన్ని, అంత తెలిసిన ఫోన్‌కి ఎదురు చెప్పడమేమిటని ఆ పొద్దున ఊరుకుని ఉంటే, పిల్ల పరీక్షలోనూ ఆ తప్పే రాసి వచ్చేదేమో. చేసే పనిలో తెలుసుకున్నది చెప్పడానికి సిగ్గుపడకూడదని ఈ వయసులో నేర్చుకున్నాను.

విన్నారు కదా. మీ ఇంట పొయ్యి చల్లారకుండా, మీ పిల్లలు పూనుకున్న పని నెరవేరి, పదికాలాలు చల్లగా ఉండాలి.