రైలెక్కని మేనత్త

అందరినీ ముందు పంపి తాను వెనకుండడాన్ని మావాళ్లు త్యాగమంటారు. మొండితనమంటాను నేను. మా మేనత్తదీ అదే.

పందొమ్మిదొందల నలభైల చివర మా బాపు లండన్ నుంచి విమానంలో బొంబాయికొస్తుంటే, ఆ పక్కనే భివండిలో ఉండే ఆమె, ఆమె ఇంటికి సెలవులకు పోయిన నేను తోలుకరాను పోయినం. మూడోనాడే సిద్దిపేటలో మా ఇంట్ల నా తమ్ముని తొట్టెల. పేరు పెట్టవలసింది మేనత్తే. విమానం ఆలస్యమైంది. స్టేషన్‌కు ఉరికేసరికి రైలు కదులుతుంది. ఆమె మమ్మల్ని లోపలికి తోసింది.

"అక్కా, ఎక్కవే!"

"ముందు పెట్టె అందుకో తమ్మీ!"

పెట్టె ఎక్కింది. మేనత్త ప్లాట్‌ఫారం మీదనే మిగిలింది.

తొట్టెలనాడు చుట్టాలు సణిగిన్రు: "ఆమె రైలు తప్పితే పిల్లగాని తప్పా?"

"పేరు పెట్టేది మా అక్క. ఆగుండ్రి," అన్నడు బాపు.

ఆమె వచ్చేదాకా, రెండు దినాలు, మా తమ్ముడు పేరు లేకుండనే తొట్టెలో ఊగిండు.